నిండు సభ

మా ఊళ్ళో ఏ సేవా కార్యక్రమం జరిగినా, ఏ కొత్త దుకాణానికి రిబ్బన్ కత్తిరించినా, ఆ వారం పేపర్లో నగర విశేషాల పేజీలో ఫొటో పడుతుంది. ఫొటోలో హాలు ఎప్పుడూ కిక్కిరిసే ఉంటుంది. ముందు సోఫాల్లో పెద్దవాళ్ళు, వెనక వరసల్లో వాళ్ళకంటే కాస్త తక్కువ పెద్దవాళ్ళు, చివర్న గోడ దగ్గర చోటు దొరక్క నిలబడ్డవాళ్ళు నలుగురు. ఆ నలుగురినీ నిలబెట్టింది నేనే. పాపం, వాళ్ళకా సంగతి తెలీదు. ఆలస్యంగా రావడం తమ తప్పే అనుకుని బుద్ధిగా నిలబడతారు.

సేవా సంఘంలో నా పని కుర్చీలు చూడటం. కాలేజీలో నేను చదివింది ఎకనామిక్స్. సరుకు గిరాకీ కంటే ఒక పిసరు తక్కువగా ఉంటే దాని విలువ పెరుగుతుందని మా లెక్చరర్ గారు గొంతు చించుకుని చెప్పేవారు. పెళ్ళయ్యాక ఆ ముక్క ఇంట్లో ఎక్కడా అక్కరకు రాలేదు. మా ఇంట్లో నేనొక్కదాన్నే సరుకు, గిరాకీ అసలే లేదు. చివరికి కుర్చీల దగ్గర పనికొచ్చింది.

ఇందులో పెద్ద మాయేం లేదు. ఆహ్వానాలు ఎంతమందికి వెళ్ళాయో చూడకూడదు, ఎంతమంది నిజంగా వస్తారో చూడాలి. ఆ వచ్చేవాళ్ళకంటే కాసిని కుర్చీలు తక్కువ వేయాలి. వరసల మధ్య ఎడం పెంచాలి. పక్కన నీళ్ళ సీసాల బల్లలు, వెనక పూలకుండీలు పెడితే హాలు సగం అక్కడే నిండిపోతుంది. కార్యక్రమం మొదలయ్యాక కూడా ఆఖరి వరస నిండకపోతే, దీపాలు తగ్గించినప్పుడు ఆ కుర్చీలు చప్పుడు కాకుండా తీసేయించాలి. ఈడ్చకూడదు, ఎత్తాలి. ఈడిస్తే జనం వెనక్కి తిరిగి చూస్తారు. చూస్తే తామెంతమంది ఉన్నారో వాళ్ళకే తెలిసిపోతుంది.

సంఘంలో చేరిన కొత్తలో ఒకసారి ముఖ్య అతిథి కారు గేటు దగ్గరికి వచ్చేసింది, హాలు చూస్తే బోసిగా ఉంది. ఎవరూ చెప్పకుండానే నేను వెనక వరసలన్నీ తీయించి వరండాలో పేర్పించాను. ముఖ్య అతిథి లోపలికి వచ్చి, ఇంతమంది తరలి వస్తారనుకోలేదని చేతులు జోడించాడు. ఆ రోజు ప్రెసిడెంటు గారు నా రెండు చేతులూ పట్టుకుని, "వదినా, మీరు ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు?" అన్నారు. ఇంట్లోనే ఉన్నాను. కానీ ఆ మాట అడిగినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. ఆ తర్వాత ఎన్ని వేస్తున్నానో, ఎన్ని తీస్తున్నానో ఆమె ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ప్రెసిడెంటు గారంటే ఊళ్ళో పెద్ద నగల షాపు యజమాని భార్య. నా ఈడుదే. ఊళ్ళో తెరిచే ప్రతి కొత్త దుకాణానికీ ఆమె కత్తెరే కావాలి. పళ్ళ డాక్టరు గారి క్లినిక్, వ్యాయామశాల, సోఫాల షోరూము, కుక్కపిల్లలకి జుట్టు కత్తిరించే సెలూన్, అన్నిటికీ రిబ్బన్ ఆమే కత్తిరించారు. కుక్కల సెలూన్ ప్రారంభానికి వచ్చినవాళ్ళలో ఒక్కరికీ కుక్క లేదు. యజమాని తన కుక్కనే మూడుసార్లు కుర్చీ ఎక్కించి దించాడు. అక్కడా కుర్చీలు నావే, అంటే నేను వేయించినవే.

కార్యక్రమం అయ్యాక ప్రెసిడెంటు గారు నన్ను తన కార్లో ఇంటి దగ్గర దింపేవారు. కారెక్కగానే చెప్పులు విడిచేసి, కాళ్ళు ముందు సీటు వెనక్కి తన్నిపెట్టి, ఆ రోజు మాట్లాడిన పెద్దలందర్నీ అనుకరించేవారు. గొంతు సవరించుకుని మైకుని తట్టే ఆయన, "రెండే రెండు ముక్కలు" అని గంట తీసుకునే ఆయన, అందరూ ఆ వెనక సీట్లోకి వచ్చేసేవాళ్ళు. మోకాలి నొప్పి గురించీ, రాత్రి పూట పట్టని నిద్ర గురించీ చెప్పేవారు. నేను నవ్వేదాన్ని, వినేదాన్ని. వారం మొత్తంలో నాతో ఎవరైనా మాట్లాడేది ఆ కాసేపే.

అబద్ధం ఎందుకు, మా ఆయన మంచివారే. ఆడిటరు. పగలంతా ఊళ్ళోవాళ్ళ అంకెలతో మాట్లాడి వస్తారు కాబట్టి ఇంటికొచ్చేసరికి మాటలు మిగలవు. "అన్నం పెట్టనా" అంటే "ఊఁ", "ఇంకొంచెం వేయనా" అంటే "ఊహూఁ". అమ్మాయి హాస్టల్లో ఉంటుంది. ఫోన్ చేస్తే "చెప్పమ్మా" అంటుంది. నేను చెప్పడం మొదలెట్టేలోగా "సరే అమ్మా" అంటుంది. మధ్యాహ్నం పూట ఇంట్లో ఫ్రిజ్ ఒక్కటే అప్పుడప్పుడూ ఏదో అంటూ ఉంటుంది.

ఇలా ఉండగా మా తోటికోడలు టీ దుకాణం పెట్టింది.

నాకంటే బాగా చిన్నది. మా మరిదికి తన ఉద్యోగం తప్ప వేరే ప్రపంచం లేదు. పిల్లలు బడికెళ్ళే వయసుకొచ్చారు. ఇంట్లో కూర్చుని గోడలు చూడలేనని, క్లినిక్కుల వీధిలో ఒక చిన్న గది అద్దెకి తీసుకుంది. గోడలకి లేత ఆకుపచ్చ రంగు వేయించింది. వీధివైపు నిలువెత్తు అద్దపు కిటికీ. అరలో రకరకాల టీ డబ్బాలు. కుర్చీలు మాత్రం తానే తిరిగి తిరిగి ఏరి కొంది, ఒక్కోటి ఒక్కో రకం. నాకు చూపించడానికి ఒక్కో దాంట్లో కూర్చుని లేచింది.

"అక్కా, మీ సంఘం వాళ్ళు ఓ పదిమంది వచ్చి మొదటి రోజు కూర్చుంటే చాలే. వాళ్ళని చూసి వీధిలోవాళ్ళు వస్తారు."

"రాక ఎక్కడికి పోతారు?" అన్నాను. ఇన్నేళ్ళుగా వాళ్ళ సభలు నింపినదాన్ని, ఆమాత్రం ధీమా ఉండదా?

తోటికోడలికి కావాల్సింది గిరాకీ. నాకు కావాల్సింది వేరే. ఆ సంఘంలో నేను ఎవర్నీ ఎప్పుడూ ఏమీ అడిగి ఎరగను. నా కోసమని ఒక్క మనిషి, ఒక్క సాయంత్రం, వచ్చి కూర్చుంటుందా లేదా అన్నది తెలుసుకోవాలనిపించింది. ఆ ఒక్కరూ ప్రెసిడెంటు గారైతే చాలు. ఆమె వస్తే మిగతావాళ్ళు ఎలాగూ వస్తారు. రాకపోయినా పర్వాలేదు.

ఫోన్లో చెప్తే బాగుండదని వాళ్ళింటికే వెళ్ళాను. పెద్ద హాలు. ఒక మూల నిన్నటి కార్యక్రమంలో ఇచ్చిన బొకేలు ఉన్నాయి. వాటిలో వాడనివి ఏరి, రేపటి కార్యక్రమాల కోసం పక్కన పెట్టిస్తున్నారామె. మా ఊళ్ళో బొకేలు మనుషుల కంటే ఎక్కువ ఇళ్ళు తిరుగుతాయి. నేను చెప్పింది పూర్తిగా విని, నా భుజమ్మీద చెయ్యి వేశారు.

"మీకు రాకపోతే ఇంకెవరికి వస్తాను వదినా? రేపు నాలుగింటికల్లా అక్కడుంటాను."

మెట్లు దిగుతుంటే నా నడకే మారిపోయింది. ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. "ఊఁ" అన్నారు. ఆ రోజు ఆ "ఊఁ" కూడా నిండుగా వినిపించింది. సంఘం వాట్సాప్ గ్రూపులో ఆహ్వానం పెడితే బొటనవేళ్ళు, చప్పట్లు, పూలు టపటపా రాలాయి. కార్యదర్శి అయితే ఏకంగా మూడు టీ కప్పుల బొమ్మలు పెట్టింది.

ప్రారంభం రోజు నేను ముందుగానే వెళ్ళాను. తోటికోడలు కొత్త బట్టల్లో, కళ్ళల్లో కాస్త భయంతో బల్లలు తుడిచినవే తుడుస్తోంది. మా మరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని, అద్దె కట్టడానికి వచ్చినవాడిలా కౌంటరు వెనక నిలబడ్డాడు. గుమ్మానికి రిబ్బన్ కట్టాం. నేను ఒక్కసారి గది అంతా కళ్ళతో కొలిచి, సగం కుర్చీలు వంటగదిలో పెట్టిద్దామన్నాను.

"ఎందుకు?"

"తక్కువుంటే నిండినట్టు కనిపిస్తుంది."

"నిండుతుందన్నావుగా?"

కుర్చీలు అలాగే ఉంచేశాం.

నాలుగైంది. రిబ్బన్ అడ్డంగా ఉంది కాబట్టి లోపలికి ఎవరూ రాలేరు, ప్రెసిడెంటు గారు రాలేదు కాబట్టి రిబ్బన్ తీయలేం. పక్క క్లినిక్కు నుంచి మందుల చీటీ పట్టుకుని ఒక పెద్దాయన వచ్చి, టీ ఉందా అని రిబ్బన్ అవతలి నుంచే అడిగాడు. ఉందిగానీ ఇంకా తెరవలేదన్నాం. టీ వాసన వస్తోంది కదమ్మా అని కాసేపు నిలబడి, ఆయనా వెళ్ళిపోయాడు. మొట్టమొదటి గిరాకీని అలా రిబ్బన్ పెట్టి ఆపేశాం.

నగర విశేషాల పేజీ ఫొటోగ్రాఫరు బండి ఆపి హెల్మెట్ తీయకుండానే లోపలికి చూశాడు. మేడమ్ రాలేదా అన్నాడు. వస్తున్నారన్నాను. సోఫాల షోరూము వాళ్ళు రెండో బ్రాంచి తెరుస్తున్నారు, అటు చూసుకుని ఇటొస్తానన్నాడు. రానివాళ్ళు మాట్లాడే పద్ధతి ఒకటుంటుంది. హెల్మెట్ లోంచి కూడా అది తెలుస్తుంది.

ఎండ తగ్గింది. ఆఖరికి మా మరిదే, "వదినా, ఇంక కత్తిరించేద్దామా?" అన్నాడు. తోటికోడలు టీ పొట్లాలు చించే కత్తెర తెచ్చి తానే కత్తిరించుకుంది. చప్పట్లు ఎవరు కొట్టాలో తెలీక నేనూ మరిదీ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఇద్దరం కొట్టాం. చిన్న గదిలో రెండు జతల చేతుల చప్పుడు ఎంత పలచగా ఉంటుందో నాకప్పుడే తెలిసింది.

అప్పుడు నా చేతులు వాటంతటవే పని మొదలెట్టాయి. అద్దం దగ్గరున్న కుర్చీ ఒకటి ఎత్తి లోపల పెట్టొచ్చాను. ఇంకోటి ఎత్తాను. మూడోది పట్టుకున్నప్పుడు తోటికోడలు వచ్చి దాని రెండో వైపు పట్టుకుంది.

"తియ్యకక్కా. నువ్వలా తీస్తుంటే నాకు భయమేస్తోంది."

నేను కుర్చీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అది నా చేతిలోంచి కుర్చీ తీసుకుని మళ్ళీ అద్దం దగ్గర వేసి, గుడ్డతో తుడిచింది.

కాసేపటికి ప్రెసిడెంటు గారి డ్రైవరు బొకే పట్టుకుని వచ్చాడు. మేడమ్ వేరే కార్యక్రమంలో చిక్కుకుపోయారండీ, ఇది ఇమ్మన్నారన్నాడు. నిన్న వాళ్ళింట్లో మూల ఏరిపెట్టిన బొకేల్లో ఒకటది. మధ్యలో ఒక పసుప్పచ్చ పువ్వు తల వేలాడేసింది. దాన్ని నేనా ఇంట్లోనే చూశాను. తోటికోడలు మాత్రం బాగుందంటూ కౌంటరు మీద నీళ్ళల్లో పెట్టుకుంది. నేను చెప్పలేదు. రాత్రి గ్రూపులో హృదయాలు రాలాయి. ఎవరో "కార్యక్రమం అద్భుతం" అని కూడా రాశారు.

మా తోటికోడలు నన్ను ఒక్క మాట అనలేదు. అదే కష్టంగా ఉండేది. అంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

తర్వాత రెండు మూడు రోజులు ఫోన్ మోగలేదు. మోగినప్పుడు ప్రెసిడెంటు గారే. ఆ రోజు ఎంత ప్రయత్నించినా కుదరలేదనీ, బొకే అందిందనుకుంటాననీ గబగబా చెప్పి, అసలు విషయంలోకి వచ్చారు. నడవలేనివాళ్ళకి చక్రాల కుర్చీల కోసం నిధుల సేకరణ, పాటల కార్యక్రమం, ఊళ్ళోకెల్లా పెద్ద హాలు. పేరున్న డాక్టరు గారు ముఖ్య అతిథి.

"కుర్చీలు మీ ఇష్టం వదినా. మీరు చూసుకుంటారు, నేను నిశ్చింతగా ఉంటాను."

మీ ఇష్టం అన్నారు. నా ఇష్టం ఏమిటని ఎవరైనా అడిగి చాలా కాలమైంది. ఫోన్ పెట్టేసి కాసేపు ఆలోచించాను. తర్వాత కుర్చీలు అద్దెకిచ్చే ఆయనకి ఫోన్ చేసి, గోదాములో ఉన్నవన్నీ పంపమన్నాను.

అన్నీనా అన్నాడు. అన్నీ అన్నాను. పోయినసారి తెచ్చినవాటిలోనే సగం దించనివ్వలేదు కదమ్మా అని గుర్తుచేశాడు. పోయినసారి సంగతి పోయినసారే అన్నాను. వేసేసి మీరు వెళ్ళిపోండి, అంతా అయ్యాక రండి, మధ్యలో పనేం ఉండదు అని కూడా చెప్పాను. ఆ ఆఖరి మాట చెప్పేటప్పుడు వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఎదురుగా ఫ్రిజ్ ఉంది. అది ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం హాలు చూడ్డానికి ఎంత బాగుందో. తెల్లటి కుర్చీలు దువ్విన జుట్టులా, ఒక్క పాయ చెదరకుండా వేదిక నుంచి వెనక గోడ దాకా. వరసల మధ్య ఎడం పెంచలేదు. పూలకుండీలు వేదిక మీదకి పంపించేశాను. నీళ్ళ బల్లలు వరండాలో పెట్టించాను. వెనక గుమ్మం పక్కన నేను నిలబడ్డాను. ఎప్పుడూ నిలబడే చోటే.

జనం రావడం మొదలెట్టారు. ఎప్పుడూ ఎంతమంది వచ్చేవారో అంతమందే వచ్చారు, ఒకరు ఎక్కువా కాదు, తక్కువా కాదు. కానీ నేను ఊహించని సంగతొకటి జరిగింది. కుర్చీలు తక్కువున్నప్పుడు జనం ఒకరినొకరు ఒరుసుకుని కూర్చుని, పలకరించుకుని, జరగమని, సర్దుకోమని నవ్వుకునేవాళ్ళు. ఇప్పుడు కావల్సినంత చోటుంది కదా, ప్రతివాళ్ళూ పక్కన రెండు మూడు కుర్చీలు వదిలేసి కూర్చున్నారు. భార్యాభర్తల మధ్య కూడా ఒక కుర్చీలో చేతిసంచి కూర్చుంది. ఒకాయన మధ్య వరసలో ఒక్కడే కూర్చుని, ఎటు తిరిగినా పలకరించే దూరంలో మనిషి కనబడక ఫోన్ తీశాడు. నేను హాలుని ఖాళీగా చూపిద్దామనుకున్నాను. అది వచ్చిన ఒక్కొక్కర్నీ ఒంటరిగా చూపించింది.

కార్యదర్శి తేలు కుట్టినట్టు పరిగెత్తుకొచ్చింది. "ఏమిటండీ ఇది, సముద్రంలా?" అంది. కుర్చీల వాళ్ళు వెళ్ళిపోయారన్నాను. పోనీ మనమే తీద్దామంది. ముందు తన ఖరీదైన బట్టలు చూసుకుంది, తర్వాత కుర్చీలు చూసింది, నన్ను చూసింది. నేను కదల్లేదు. ఆమే కదిలి వేదిక వెనక్కి వెళ్ళిపోయింది. ఫొటోగ్రాఫరు కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి తిరిగాడు. వంగాడు, స్టూలెక్కాడు. ఆఖరికి పూలకుండీలకి ఫొటో తీసుకున్నాడు.

ప్రెసిడెంటు గారు మైకు ముందుకొచ్చారు. ఆమె ఉపన్యాసం నాకు నోటికొచ్చు. "ఇంత పెద్ద సంఖ్యలో తరలివచ్చిన" అని మొదలవుతుంది. "ఇంత" దాకా వచ్చి తలెత్తారు. దీపాలన్నీ వెలుగుతున్నాయి. హాలంతా ఈ చివర్నుంచి ఆ చివరికి నిదానంగా చూశారు. ఆ చూపు ఒక్కో ఖాళీ కుర్చీ మీదా ఆగి ఆగి వెనక గుమ్మం దాకా, నా దాకా వచ్చింది. నేను తల తిప్పుకోలేదు. "ఇంత సాయంత్రం వేళ వచ్చిన మీ అందరికీ" అని వాక్యం ముగించారు. గొంతు మామూలుగానే ఉంది. కాగితం మాత్రం మడిచేశారు.

నేను అనుకున్న సంతోషం రాలేదు. వస్తుందని చాలాసేపు ఎదురు చూశాను కూడా. పాటలు పాడారు. చప్పట్లు ఇక్కడొకటి అక్కడొకటి, వాన ముందు చినుకుల్లా పడ్డాయి. ఆ వాన రానేలేదు.

జనం వెళ్ళిపోయారు. డాక్టరు గారిని కారెక్కించి, కార్యదర్శిని పంపించేసి, ప్రెసిడెంటు గారు మళ్ళీ హాల్లోకి వచ్చారు. నేను ఆఖరి వరసలో కూర్చున్నాను. కాళ్ళు పీకుతున్నాయి. ఆమె వరసలన్నీ దాటుకుంటూ వచ్చి, నాకూ తనకీ మధ్య ఒక కుర్చీ వదిలి కూర్చున్నారు. కాసేపు ఇద్దరం వేదిక వైపే చూశాం, అక్కడ ఇంకా ఎవరో మాట్లాడుతున్నట్టు.

"ఇన్నేళ్ళూ ఇంతమందేనా వదినా వచ్చేది?"

"ఒక్కోసారి ఇంకా తక్కువ."

ఆమె ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కళ్ళు చిన్నవి చేశారు. మన వికలాంగుల సభకి నిలబడ్డానికి కూడా చోటు లేదు కదా అన్నారు. చోటు లేకుండా నేనే చేశానన్నాను. రక్తదానం రోజున? ఆ రోజు కుర్చీలు చాలా తక్కువ వేశానన్నాను. ఇంకొక్క సభ పేరు కూడా ఎత్తబోయి, జవాబు వద్దనుకున్నారేమో, ఆగిపోయారు. నేను సంఘానికి చేసిన సేవంతా ఆ నాలుగు మాటల్లో కూలిపోయింది.

"ఇవాళ కావాలనే వేయించారు కదూ?"

"అవును."

"మీ తోటికోడలి కొట్టుకి రాలేదని."

"అవును."

ఆమె చెప్పులు విడిచి, పాదాలు చల్లటి నేల మీద పెట్టుకున్నారు.

"వచ్చాను వదినా. ఆ క్లినిక్కుల వీధి మలుపు దాకా వచ్చాను. కారాపి చూస్తే అద్దంలోంచి లోపలంతా కనిపిస్తోంది. అన్నీ ఖాళీ కుర్చీలే. మీరు ఒక కుర్చీ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపు చూశానో. ఇప్పుడెవరైనా వస్తారు, వాళ్ళ వెనకే దిగుదాం అనుకున్నాను. ఎవరూ రాలేదు. బొకే డ్రైవరుకిచ్చి పంపించేశాను."

ఆమె మళ్ళీ అన్నారు, నన్ను నిలదీస్తున్నట్టు కాదు, నిజంగా తెలీక అడుగుతున్నట్టు:

"ఎవరూ లేని చోటికి ఎట్లా రాను చెప్పండి?"

"నేనున్నాను కదండీ."

ఆ మాట నేను గట్టిగా అనలేదు. దెప్పిపొడుద్దామనీ అనలేదు. ఉన్న సంగతి చెప్పానంతే. ఆమె నా వైపు తిరిగి చూశారు. ఏదో అనబోయి, పెదవులు కదిలి, మళ్ళీ వేదిక వైపు తిరిగారు. కార్లో వెనక సీట్లో అందరి గొంతులూ అంత బాగా పలికే మనిషి, తన గొంతు కోసం వెతుక్కుంటున్నట్టు అనిపించింది. ఆమెకి దొరకలేదు.

బయట లారీ వచ్చి ఆగింది. కుర్చీలాయన, ఇద్దరు మనుషులు లోపలికొచ్చి, ముందు వరస నుంచి ఒకదాంట్లో ఒకటి దూర్చి ఎత్తుకుపోవడం మొదలుపెట్టారు. వాళ్ళు వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. హాలు ముందు నుంచి వెనక్కి ఖాళీ అవుతూ మా దగ్గరికొచ్చింది. కుర్చీలాయన మా ముందుకొచ్చి మొహమాటంగా నిలబడ్డాడు.

"అమ్మా, ఏమనుకోకండి. మీరు లేస్తే ఇవి కూడా ఎత్తేసి, తాళం ఇచ్చేస్తాను."

ఇద్దరం లేచాం. అతను ఆమె కుర్చీ, నా కుర్చీ, మధ్యలో ఎవరూ కూర్చోని కుర్చీ, మూడూ ఒకదాంట్లో ఒకటి పెట్టి భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. కూర్చోడానికి ఇంకేం మిగల్లేదు కాబట్టి కాసేపు అలాగే నిలబడ్డాం.